మద్రాసు రేడియో తొలి రోజుల్లో ఒక సాయంత్రం ప్రసారం ఎలా సాగేది?

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. తొలినాటి రేడియో స్టేషన్లు రోజంతా కాకుండా సాయంత్రం పూట రెండు మూడు గంటలు మాత్రమే ఎందుకు ప్రసారం చేసేవన్నది ఒకటి, ఆ కొద్ది గంటల్లో స్టూడియోలోనూ వినేవారి ఇళ్ళలోనూ ఏం జరిగేదన్నది రెండవది, ఆ ప్రసారాలను ఇప్పుడు వినే వీలుందా అన్నది మూడవది. ఈ మూడింటికీ మద్రాసును ఆధారంగా తీసుకుని జవాబు చెబుతాను. తెలుగు మాట గాలిలో క్రమం తప్పకుండా వినిపించడం ఆ ఊరి నుంచే మొదలైంది కాబట్టి మనకు అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. మాటనూ పాటనూ రేడియో తరంగాలుగా గాలిలోకి పంపే మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ల దగ్గర చాలాకాలం పనిచేసిన ఇంజనీరును నేను. ఉద్యోగ విరమణ తరువాత గాజు బుడ్డిలాంటి వాల్వులతో సంకేతాన్ని పెంచి వినిపించే పాత వాల్వు సెట్లను, బ్యాటరీ లేకుండా ఖనిజపు ముక్కతో పలికే గెలీనా సెట్లను విప్పి మళ్ళీ పలికించే పనిలో ఉన్నాను. అందువల్ల పరికరాల సంగతి కాస్త విస్తారంగా చెబితే మన్నించాలి. ఆ సాయంత్రాల స్వరూపాన్ని చాలావరకు నిర్ణయించినవి ఆ పరికరాలే.

ముందుగా కాలక్రమం చెప్పాలి. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి చొరవతో 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. ఆ ఏడాది జూలై 31న 40 వాట్ల ట్రాన్స్‌మిటరుతో ఎగ్మూరులోని హాలోవేస్ గార్డెన్ నుంచి ప్రసారాలు మొదలయ్యాయి. తరువాత దాని స్థానంలో 200 వాట్ల ట్రాన్స్‌మిటరు వచ్చింది. రోజూ రెండున్నర గంటలపాటు సంగీతం, ప్రసంగాలు వినిపించిన ఆ క్లబ్బు డబ్బు చాలక 1927 అక్టోబరులో ప్రసారాలు ఆపివేసి, ట్రాన్స్‌మిటరును మద్రాసు కార్పొరేషనుకు అప్పగించింది. కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1న రిపన్ బిల్డింగు నుంచి ప్రసారాలను మళ్ళీ మొదలుపెట్టి, 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమయ్యే వరకూ నడిపింది. అంటే సుమారు పద్నాలుగేళ్ళపాటు, మధ్యలో రెండున్నరేళ్ళ విరామం మినహాయిస్తే, మద్రాసు రేడియో ముందు ఒక క్లబ్బు అభిరుచిగానూ తరువాత ఒక పురపాలక సంఘం సేవగానూ నడిచింది. మన ప్రసార చరిత్ర రాసేవారు ఈ కాలాన్ని రెండు వాక్యాల్లో దాటవేస్తారు. అది అన్యాయమని నా అభిప్రాయం. తరువాత వచ్చిన పెద్ద కేంద్రాలు ఎదుర్కొన్న సమస్యల్లో చాలావాటికి పరిష్కారాలు వెతికిన కాలం అదే.

ఇక సాయంత్రమే ఎందుకన్న సంగతి. సూర్యాస్తమయం తరువాత రేడియో తరంగాలు ఎక్కువ దూరం పోతాయి కాబట్టి స్టేషన్లు ఆ వేళను ఎంచుకున్నాయని తరచుగా చెబుతారు. ఈ మాటలో శాస్త్రం తప్పు కాదు. పగటిపూట సూర్యకాంతి వల్ల ఆకాశంలో డి పొర అనే అయాన్ల పొర ఏర్పడి, పైకి వెళ్ళే మీడియం వేవ్ తరంగాలను పీల్చివేస్తుంది. సూర్యుడు అస్తమించాక ఆ పొర చెదిరిపోవడంతో తరంగాలు ఇంకా పైనున్న పొరలదాకా వెళ్ళి, అక్కడి నుంచి వంగి వందల కిలోమీటర్ల దూరాన నేలకు దిగుతాయి. 1925 డిసెంబరులో ప్రారంభమైన కొలంబో స్టేషన్‌ను మద్రాసులో మంచి వాల్వు సెట్టున్నవారు రాత్రివేళ వెతికి పట్టుకోగలగడానికి కారణం ఇదే. అయితే 40 వాట్ల స్టేషనో 200 వాట్ల స్టేషనో తన ఊరివారికి వినిపించేది ఆకాశం నుంచి దిగే తరంగంతో కాదు, నేలను అంటిపెట్టుకుని సాగే తరంగంతో. దానికి పగలూ రాత్రీ తేడా దాదాపుగా లేదు. మైలాపూరులో ఉన్న శ్రోతకు మధ్యాహ్నం రెండు గంటలకైనా రాత్రి ఎనిమిది గంటలకైనా ఎగ్మూరు స్టేషన్ ఒకే బలంతో అందుతుంది.

కాబట్టి అసలు కారణం ఆకాశంలో కాక మనుషుల దినచర్యలోనూ ఖర్చులోనూ ఉంది. క్లబ్బును నడిపినవారు జీతానికి రేడియో పని చేసేవారు కారు. పగలు తమ వృత్తులు చూసుకుని సాయంత్రం తీరిక దొరికాక వచ్చి స్టేషన్‌ను నడిపే అభిరుచిపరులు. వినేవారు కూడా ఆఫీసుల నుంచి, కోర్టుల నుంచి, అంగళ్ళ నుంచి ఇళ్ళకు చేరాకే వినగలరు. దీనికి తోడు ట్రాన్స్‌మిటరు వాల్వుకు ఆయుర్దాయం గంటల్లో లెక్క. లోపలి తంతువు వెలిగిన ప్రతి గంటా దాని జీవితంలోంచి తరిగిపోతుంది, కొత్త వాల్వు సముద్రం దాటి రావాలి. చందాల మీద బతికే ఒక క్లబ్బు రోజుకు పది గంటలు ప్రసారం చేయాలని కోరుకున్నా చేయలేదు. పైగా రికార్డు చేసి దాచుకున్న కార్యక్రమాలు లేవు. గ్రామఫోను పళ్ళేలు తప్ప మిగిలినదంతా అప్పటికప్పుడు మనిషి పాడవలసిందే, మాట్లాడవలసిందే. రోజూ రెండున్నర గంటలకు సరిపడా గాయకులను, వక్తలను సమకూర్చుకోవడమే ఆ రోజుల్లో చాలా పెద్ద పని.

ఇప్పుడు స్టూడియోలోకి వెళదాం. ఆ కాలంలో చిన్న స్టేషన్లకు అందుబాటులో ఉన్నది కార్బన్ మైకు. పలచని పొర వెనుక బొగ్గు రవ్వలు నింపి, వాటిగుండా కరెంటు పంపుతారు. గొంతు తాకినప్పుడల్లా పొర అదిరి, రవ్వలు ఒత్తుకుని వదులై, వాటితోపాటు కరెంటు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. టెలిఫోనులో పనిచేసిన సూత్రమే ఇది. దీనికి రెండు జబ్బులున్నాయి. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా సన్నని బుసలాంటి శబ్దం ఒకటి ఎప్పుడూ వెనకాల ఉంటుంది. మద్రాసు వంటి సముద్రతీరపు తేమలో రవ్వలు ఒకదానికొకటి అంటుకుపోయి మైకు మందగిస్తుంది కూడా. అప్పుడు దానిని వేలితో మెల్లగా తట్టి రవ్వలను విడదీయాలి. ప్రసారం మధ్యలో తడితే ఆ చప్పుడు శ్రోతల చెవుల్లో పిడుగులా పడుతుంది కనుక ఆ పనిని అంశానికీ అంశానికీ మధ్యనే పూర్తి చేసుకోవాలి.

గది సంగతి మరొకటి. గోడల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని అరికట్టే శాస్త్రం అప్పటికి ఇంకా ముదరలేదు. గోడలకు దళసరి తెరలు వేలాడదీసి, నేల మీద జంపఖానాలు పరచి, కిటికీలు బిగించడమే అన్ని దేశాల్లోనూ నడిచిన పద్ధతి. లండనులో అటువంటి గదిలో ఉక్కపోసిందని ఫిర్యాదు చేసినవారుంటే, మద్రాసు మే నెలలో అదే గదిలో కూర్చుని పల్లవి పాడినవారి కష్టం ఎంతటిదో ఊహించవచ్చు. ఫ్యాను వేస్తే దాని మోత మైకులోకి పోతుంది. ఇలా శబ్దాన్నంతా పీల్చేసే గదిలో పాడేవారికి తమ గొంతు తమకే సరిగా వినిపించదు. గుడి మండపాల్లోనూ పెళ్ళి పందిళ్ళలోనూ చుట్టూ ఉన్న గాలి అంతా నిండేలా పాడడానికి అలవాటుపడిన విద్వాంసులు ఈ మూగ గదిలో అవసరానికి మించి గొంతెత్తేవారంటే అందులో వారి దోషం ఏమీ లేదు.

అలా గొంతెత్తితే ఇబ్బంది ట్రాన్స్‌మిటరుకు. ఒక హద్దు దాటి శబ్దం వస్తే శబ్దాన్ని మోసుకుపోయే రేడియో తరంగం (వాహక తరంగం) దానిని మోయలేదు, శ్రోతకు గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఈ రోజుల్లోలాగా ఒక్కొక్కరికి ఒక్కొక్క మైకు పెట్టి, బల్ల మీద మీటలు తిప్పి సరిచేసే వీలు లేదు. ఉన్న ఒక్క మైకు చుట్టూ మనుషులను ఎంత దూరంలో కూర్చోబెట్టాలన్నదే అప్పటి శబ్ద సమతూకం. కర్ణాటక కచేరీని తీసుకుంటే గాయకుడు మైకుకు దగ్గరగా, ఫిడేలు కొంచెం ఎడంగా, మృదంగం బాగా వెనక్కి ఉండాలి. తంబుర సంగతి అన్నిటికంటే కష్టం. దగ్గర పెడితే గొంతును మింగేస్తుంది, దూరం పెడితే మైకు బుసలో కలిసిపోయి శ్రోతకు శ్రుతే అందకుండా పోతుంది. సభలో పక్కపక్కన కూర్చుని కళ్ళతో మాట్లాడుకునే గాయకుడినీ మార్దంగికుడినీ ఇలా దూరం చేయడం సంగీతానికి మంచిది కాదు. అయినా తనియావర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలుకాగానే ట్రాన్స్‌మిటరు తట్టుకోలేదన్న భయం ఇంజనీరును ఆ పనికి పురికొల్పేది. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే ఎన్నో రెట్లు మెరుగైన పరికరాలతో కూడా ఈ ఇబ్బంది పడ్డాను. ఆ తొలితరం వారి మీద నాకున్న గౌరవానికి ఇది ముఖ్యమైన కారణం.

కాలపరిమితి కూడా విద్వాంసులకు కొత్తే. మూడు నాలుగు గంటలు సాగే కచేరీలకు అలవాటైన గాయకుడిని అరగంటలో వర్ణంతో మొదలుపెట్టి మంగళంతో ముగించమనడం చిన్న కోరిక కాదు. గ్రామఫోను అప్పటికే మూడు నిమిషాల్లో ఒక కృతిని ముగించడం కొందరికి నేర్పింది. రేడియో అంత బిగువు కోరలేదు గానీ, గడియారాన్ని చూసి రాగాలాపన ఎక్కడ ఆపాలో నిర్ణయించుకోవలసిన అవసరాన్ని అదే తెచ్చింది. ఒక అంశానికీ మరొక అంశానికీ మధ్య మౌనం మాత్రం ఎవరికీ తప్పుగా తోచేది కాదు. ఒక బృందం లేచి మరొక బృందం కూర్చుని శ్రుతి చూసుకునే దాకా శ్రోతలు ఓపికగా కాచుకునేవారు. అవసరమైతే ఆ సందులో ఒక గ్రామఫోను పళ్ళెం వేయడం అన్ని దేశాల స్టేషన్లలోనూ ఉన్న అలవాటు. మొదట్లో గ్రామఫోను కాహళాన్నే మైకు ముందు పెట్టి వినిపించేవారు. సూది కదలికను నేరుగా కరెంటుగా మార్చే పికప్‌లు 1920ల రెండవ సగంలో వాడుకలోకి వచ్చాయి.

ట్రాన్స్‌మిటరు వద్ద ఉన్నవాడి సాయంత్రం కార్యక్రమం కంటే ముందే మొదలవుతుంది. తంతువులను మెల్లగా వెలిగించి, అవి వేడెక్కాక పెద్ద ఓల్టేజీ ఇచ్చి, తరంగదైర్ఘ్యం చెప్పిన చోట ఉందో లేదో వేవ్‌మీటరుతో చూసుకోవాలి. ఏరియల్ తీగ గాలికి ఊగినా తరంగం కొద్దిగా పక్కకు జరిగే కాలం అది. ప్రసారం సాగినంతసేపూ ఏరియల్ కరెంటు మీటరు మీద ఒక కన్ను, చెవికి తగిలించుకున్న హెడ్‌ఫోను మీద ఒక చెవి ఉంచాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. 40 వాట్ల నుంచి 200 వాట్లకు మారినప్పుడు శక్తి అయిదు రెట్లు పెరిగింది కానీ, శ్రోత దగ్గరి సంకేత బలం శక్తికి వర్గమూలంగా పెరుగుతుంది కనుక అది సుమారు రెండుంబావు రెట్లు మాత్రమే అయింది. ఊరి చివర ఉన్నవారికి ఇది మేలే. నెల్లూరులో ఉన్నవారికి మాత్రం పెద్దగా ఒరిగిందేమీ లేదు. అదే తరంగం ఉప్పునీటి మీద నేల మీదకంటే ఎంతో దూరం పోతుంది. అంటే తీరాన ఉన్న మద్రాసు స్టేషన్ బలంలో ఒక పెద్ద భాగం మనుషులు లేని బంగాళాఖాతానికి ధారపోసినట్టే.

వినేవారి వైపు వద్దాం. అన్నిటికంటే చవకైనది గెలీనా సెట్టు. చిన్న సీసపు ఖనిజపు ముక్క మీద సన్నని తీగ మొన ఆనించి, స్టేషన్ పలికే చోటు దొరికే దాకా కదుపుతూ పోవాలి. దానికి బ్యాటరీ అక్కరలేదు. హెడ్‌ఫోనును పలికించే శక్తంతా స్టేషన్ నుంచి గాలిలో వచ్చినదే. అందుకే దానికి మేడ మీద పొడుగాటి ఏరియల్, తడి నేలలోకి దిగిన మంచి ఎర్త్ తప్పనిసరి. ఒకరు వింటుంటే ఇంటిల్లిపాదీ కాచుకు కూర్చోవాలి, లేదా హెడ్‌ఫోను రెండు ముక్కలనూ విడదీసి చెరొకటి పంచుకోవాలి. హెడ్‌ఫోనును ఇత్తడి గిన్నెలోనో పింగాణీ గిన్నెలోనో పెట్టి, ఆ గిన్నె చుట్టూ చెవులు చేర్చి వినడం ఎన్నో దేశాల్లో ఉన్న అలవాటు. నేను చేసి చూశాను, నిశ్శబ్దంగా ఉన్న గదిలో నలుగురికి బాగానే వినిపిస్తుంది.

వాల్వు సెట్టు కలవారి వస్తువు. తంతువు వెలగడానికి సీసం బ్యాటరీ, ప్లేటుకు అరవై ఓల్టులకు పైబడిన పొడి బ్యాటరీ వేరువేరుగా కావాలి. మొదటిదాన్ని తరచుగా చార్జింగుకు మోసుకుపోవాలి, రెండవది అయిపోతే పారవేసి కొత్తది కొనుక్కోవాలి. పొద్దున పెట్టి రాత్రిదాకా వినే అలవాటు ఆ ఇళ్ళలో పుట్టకపోవడానికి ఇదీ ఒక కారణం. ఈ సెట్లలో రియాక్షన్ అనే మీట ఉండేది. వాల్వు పెంచిన సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి మళ్ళీ పెంచడం దాని పని. దానిని ఒక హద్దుదాకా తిప్పితే దూరపు స్టేషన్లు కూడా స్పష్టమవుతాయి. హద్దు దాటితే ఆ సెట్టే ఒక చిన్న ట్రాన్స్‌మిటరై, తన ఏరియల్ ద్వారా వీధి వీధంతటికీ ఈల వేస్తుంది. కచేరీ మంచి పట్టులో ఉండగా పక్కింటాయన కొలంబో కోసం మీట తిప్పితే ఈ వీధివారందరికీ కూతలే మిగులుతాయి. ఇక వేసవి చివర ఉరుములు మొదలయ్యాయంటే, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు మెరుపు మెరుపుకూ చెవిలో చప్పుళ్ళే. అటువంటి రాత్రి సెట్టు కట్టేసి, ఏరియల్‌ను ఎర్త్‌కు కలిపేయడం వినోదానికే కాదు, ప్రాణానికి కూడా మేలు.

ఈ పరిస్థితుల్లో రేడియోను ఇంటి వస్తువుగా కాక ఊరి వస్తువుగా చూసిన ఘనత మద్రాసు కార్పొరేషనుది. మెరీనా, పీపుల్స్ పార్కు వంటి చోట్ల లౌడ్‌స్పీకర్లు పెట్టించి, సాయంత్రం షికారుకు వచ్చినవారు నిలబడి వినేలా చేసింది. సాయంత్రపు కార్యక్రమం మొదలయ్యే ముందు, నాలుగు గంటల వేళ కార్పొరేషన్ బడుల పిల్లలకు సంగీత పాఠాలు, కథలు వినిపించింది. సెట్టు కొనలేనివాడికి కూడా ప్రసారం అందాలన్న ఆలోచన మన దేశంలో ఇంత తొందరగా ఒక పురపాలక సంఘానికి తట్టిందంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. అదే కాలంలో లాభాపేక్షతో నడిచిన ప్రయత్నం ఎలా ముగిసిందో పోల్చి చూడండి. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జూలై 23న బొంబాయిలోనూ, ఆగస్టు 26న కలకత్తాలోనూ ఒక్కొక్కటి ఒకటిన్నర కిలోవాట్ల స్టేషన్లు తెరిచింది. రేడియో సెట్టు ఉంచుకోవడానికి శ్రోత కట్టే ఏడాదికి పది రూపాయల లైసెన్సులో ఎనిమిది రూపాయలు కంపెనీకి వచ్చేవి. లైసెన్సులు సుమారు ఎనిమిది వేల దగ్గర ఆగిపోయాయి. ఏడాదికి అరవై నాలుగు వేల రూపాయలతో రెండు మహానగరాల స్టేషన్లు బతకడం అసాధ్యం. దిగుమతి అయ్యే పరికరాల మీద వచ్చిన వాటా కూడా ఆ లోటును పూడ్చలేకపోయింది. 1930 మార్చి 1న కంపెనీ మూతపడగా, ఏప్రిల్ 1న, అంటే రిపన్ బిల్డింగులో ప్రసారాలు మొదలైన రోజునే, ఆ రెండు స్టేషన్లనూ ప్రభుత్వం తీసుకుంది.

ఇంతవరకూ చెప్పినదంతా మద్రాసు నగరం కథ. తెలుగు జిల్లాలకు సాయంత్రపు ప్రసారం నిజంగా అందడం 1938 జూన్ 16 తరువాతి మాట. ఆ రోజు ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులోని ఈస్ట్ నూక్ అనే భవనంలో ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రాన్ని గవర్నరు లార్డ్ ఎర్‌స్కిన్ ప్రారంభించారు. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) ఉన్న రాజాజీ ప్రసంగించారు. తిరువెంగాడు సుబ్రహ్మణ్య పిళ్ళై నాదస్వరం, డి.కె. పట్టమ్మాళ్ పాట వినిపించాయి. ఆ కేంద్రానికి రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండేవి: నగరానికి పావు కిలోవాటు మీడియం వేవ్, రాష్ట్రానికంతటికీ పది కిలోవాట్ల షార్ట్ వేవ్, అంటే మీడియం వేవ్ కంటే పొట్టి తరంగాలు. మొదట్లో నేను కాదన్న ఆకాశ తరంగం ఇక్కడ నిజంగా కథలోకి వస్తుంది. గుంటూరుకూ బెజవాడకూ నేల తరంగంతో చేరుకోవాలంటే చాలా పెద్ద మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరు కావాలి. షార్ట్ వేవ్‌ను తగిన తరంగదైర్ఘ్యంలో దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే, అది పై పొరల నుంచి వంగి చుట్టూ వందల కిలోమీటర్ల మేర నేలకు దిగుతుంది. అందుకే కోస్తా ఊళ్ళలో ఆ తరం వారు విన్న మద్రాసు తెలుగు కార్యక్రమాలు అలల్లా లేస్తూ పడుతూ, ఒక్కొక్కప్పుడు మాట మధ్యలో మాయమై మళ్ళీ వచ్చేవి. మన జిల్లాల మధ్యనే మీడియం వేవ్ కేంద్రం రావడానికి 1948 డిసెంబరు 1న విజయవాడ ప్రారంభమయ్యే దాకా ఆగవలసి వచ్చింది.

చివరగా, ఆ ప్రసారాలను ఇప్పుడు వినగలమా అన్న ప్రశ్న. క్లబ్బు కాలపు సాయంత్రాలు గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోయాయి, వాటిని రికార్డు చేసి ఉంచే ఏర్పాటే అప్పట్లో లేదు. అయితే ఆనాటి విద్వాంసులు ఇచ్చిన గ్రామఫోను పళ్ళేలు సేకర్తల దగ్గర ఉన్నాయి. 1925 నుంచి మైకుతో రికార్డు చేసిన పళ్ళేలు రావడం మొదలైంది కనుక, ఆ తరువాతి వాటిని వింటే మైకు ముందు ఆ గొంతులు ఎలా పలికేవో దగ్గరగా తెలుస్తుంది. కార్యక్రమాల వివరాలు కావాలంటే ఆల్ ఇండియా రేడియో వారి ఇండియన్ లిజనర్ పత్రికను చూడండి. 1927 జూలైలో ఇండియన్ రేడియో టైమ్స్‌గా మొదలైన ఆ పత్రిక 1935 డిసెంబరులో పేరు మార్చుకుంది. అందులో కేంద్రాల వారీగా, ఏ గంటకు ఎవరు పాడారో ఎవరు మాట్లాడారో అచ్చువేశారు. 1938 జూన్ సంచికలతో మొదలుపెట్టి మద్రాసు పేజీలను వరుసగా చదువుకుంటూ పోతే మీకు కావలసిన సాయంత్రాలు చాలా దొరుకుతాయి.